చంద్రుడి మీద భాస్వరం

కొండలరావు మాస్టారి భార్య సునీల రెండుసార్లు పోయింది. మొదటిసారి దసరా సెలవుల్లో, గుంటూరు ఆసుపత్రిలో. రెండోసారి డిసెంబరు నెలలో ఒక శుక్రవారం పొద్దున, తెనాలిలో అతను పాఠాలు చెప్పే స్కూలు లాబ్‌లోంచి.

మొదటిసారి పోయినప్పుడు నలుగురూ వచ్చి ఓదార్చారు. రెండోసారి పోయిన సంగతి ఎవరికీ తెలియదు. బీరువా తలుపు తీసేసరికి పై అరలో ఉండవలసిన వెడల్పు మూతి గాజుసీసా లేదు. వెనక్కి తిరిగి చూస్తే సింకు పక్కన కనిపించింది. తళతళలాడేలా కడిగి, బోర్లించి ఉంది.

ఆ సీసాలో సునీల అస్థికలు ఉండేవి.

అస్థికలు లాబ్‌లో ఎందుకున్నాయంటే, ఇంట్లో ఉండటానికి వీల్లేదు గనక. శ్మశానం నుంచి తెచ్చినవి గడప దాటి లోపలికి రాకూడదు. నీళ్ళలో కలిపేదాకా బయటే ఏ చెట్టుకో కట్టి ఉంచాలి. కొండలరావుది మారీసుపేటలో మేడ మీద అద్దె వాటా. అక్కడ చెట్టు లేదు. ఇల్లుగలావిడ దేవకుమారి మంచి మనిషే. పదిరోజులూ ఫ్లాస్కుతో కాఫీ పంపింది. కానీ మెట్ల కింద పెట్టుకుంటానమ్మా అని అడిగితే మాత్రం చేతులు జోడించింది. "ఇంకేదైనా అడగండి అన్నయ్యగారూ. మా కోడలు నీళ్ళోసుకుని ఉంది."

శ్మశానంలో ఇచ్చిన ముంత అంచున పగులుంది. పగిలినదాంట్లో సునీలని ఉంచటానికి మనసొప్పక, లాబ్‌లో ఎవరూ వాడని సీసా ఒకటి తీసి, కడిగి, ఆరబెట్టి, అందులో పోసి బిరడా బిగించాడు. లేబుల్ లేని సీసా లాబ్‌లో ఉండకూడదని ఏటేటా పిల్లలకి మొదటి క్లాసులోనే చెప్పే మనిషి, ఆ ఒక్క సీసాకీ లేబుల్ అంటించలేకపోయాడు. పెన్ను మూత తీసి కాసేపు కూర్చున్నాడు. పేరు రాస్తే మనిషిని సీసాలో పెట్టినట్టుంటుంది. పదార్థం పేరు రాస్తే మనిషే కాదన్నట్టుంటుంది. పెన్ను మూత పెట్టేశాడు.

కలపటం మాత్రం ఈ ఆదివారం కాదు పై ఆదివారం అంటూ వెనక్కి పోతూ వచ్చింది. రేపల్లెలో ఉండే సునీల అక్క రాధారాణి అడిగి అడిగి విసిగి, చివరికి తనే రోజు పెట్టేసింది. "మరిదిగారూ, ఈ ఆదివారం పొద్దున, పెనుమూడి రేవులో. పంతులుగారికి చెప్పేశాను. మా చెల్లెల్ని ఇంకెన్నాళ్ళు బళ్ళో కూర్చోబెడతారు? చిన్నప్పుడే దానికి బడంటే పడేది కాదు."

అందుకని ఆ శుక్రవారం బీరువా తెరిచాడు.

"నాగబాబూ, ఈ సీసా ఎవరు కడిగారు?"

"నేనేనండి. మురిగ్గా ఉంటే ఊరుకోరు గదా మీరు," అన్నాడు అటెండరు నాగబాబు, మెచ్చుకుంటాడనుకుని.

"అందులో ఉన్నదేం చేశావ్?"

"చంద్రుడి మీద పోశానండి."

కొండలరావు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

చంద్రుడి మీద మన రోవర్ దిగి, అక్కడి మట్టిలో గంధకం ఉందని చెప్పిన దగ్గర్నుంచి, ఈ చుట్టుపక్కల ప్రైవేటు స్కూలు పెట్టిన ప్రతివాడికీ ఒక రోవర్ కావలసి వచ్చింది. కొండలరావు పనిచేసే స్కూలు కరస్పాండెంట్ గోపీనాథ్‌కి అందరికంటే ముందు కావలసి వచ్చింది. ఆయన స్కూలు పేరులో టెక్నో ఉంది, ఇంటర్నేషనల్ ఉంది. లాబ్‌లో మైక్రోస్కోపు ఉంది గానీ దానికి కటకం లేదు. బాపట్లలో ప్రైవేటు స్కూళ్ళ సంఘం సైన్సు ఎగ్జిబిషన్ పెడుతోందనగానే రోవర్ తయారైంది. థర్మోకోల్ ఒళ్ళు, బొమ్మకారు చక్రాలు, ముందువైపు ఎర్రటి లేజర్ లైటు, కడుపులో ఒక స్పీకరు. లేజర్ వెలిగిస్తే ఎనిమిదో తరగతి శ్రావ్య గొంతు వినిపిస్తుంది: "గంధకం ఉన్నది. అల్యూమినియం ఉన్నది. ఇనుము ఉన్నది." మట్టి మీద వెలిగించినా అదే. నాగబాబు క్యారియర్‌లోని పప్పుచారు మీద వెలిగించినా అదే.

"ఇది కొలవటం లేదండి. అప్పజెప్తోంది," అన్నాడు కొండలరావు స్టాఫ్ మీటింగులో.

"మన పిల్లలూ అంతే గదండీ! వాళ్ళకి ర్యాంకులు రావట్లా?" అన్నాడు గోపీనాథ్.

రోవర్ కింద పరవటానికి చంద్రుడి నేల కావాలి. రైసుమిల్లు నుంచి ఊక బూడిద వచ్చింది, సూర్యలంక నుంచి ఇసక వచ్చింది. రెండూ కలిపి అద్దాల పెట్టెలో పోసి, గుంతలు పెట్టారు. గోపీనాథ్ వచ్చి చూసి పెదవి విరిచాడు. "చంద్రుడేంటయ్యా ఇంత నల్లగా ఉన్నాడు? ఇందులోంచి వెన్నెలెలా వస్తుంది?" ఆ రోజు కొండలరావు సెలవులో ఉన్నాడు. ఇంటి దగ్గర సునీల మాసికం. తెల్లటిదేదైనా దొరుకుతుందేమోనని నాగబాబు లాబ్ బీరువా వెతికాడు.

"భలే తెల్లగా ఉందండి పొడి. మధ్యలో గవ్వముక్కల్లాంటి రాళ్ళు కూడా ఉన్నాయి. అవి ఏరి, గుంతల చుట్టూ పేర్చాను. ఇదీ చంద్రుడంటే, అన్నారు కరస్పాండెంట్ గారు." నాగబాబు ఆగాడు. మాస్టారి మొహం చూశాడు. "ఏమైనా ఖరీదైన మందా సార్ అది?"

కొండలరావు చెప్పాడు. ఎక్కువ మాటలు అక్కర్లేదు, ఒక్క మాటే. నాగబాబు తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అలాగే నిలబడిపోయాడు.

"పెట్టె ఎక్కడుంది?"

"పొద్దున్నే వ్యానులో బాపట్ల వెళ్ళిపోయిందండి."

కొండలరావు బాపట్ల రైలెక్కాడు. నాగబాబు అడక్కుండానే వెంట వచ్చి, అతని పక్కన కూర్చోక, తలుపు దగ్గర నిలబడ్డాడు. నిడుబ్రోలు దాటాక కొండలరావే పిలిచి కూర్చోబెట్టాడు.

బాపట్ల ఫంక్షన్ హాల్లో ఎటు చూసినా చంద్రుడే. ఏ స్కూలు చూసినా ఒక రోవర్, ఏ రోవర్ నోట విన్నా గంధకమే. ఒకదాని తర్వాత ఒకటి అందుకుని "ఉన్నది, ఉన్నది" అంటుంటే హాలంతా భజన సాగుతున్నట్టుంది. చీరాల వాళ్ళ రోవర్‌కి దిష్టి తగలకుండా నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు.

తెనాలి వాళ్ళ పెట్టె మధ్య వరసలో ఉంది. అద్దానికి తాళం వేసి ఉంది. కొండలరావు వంగి చూశాడు. నల్లటి బూడిద మీద తెల్లటి పొర. గుంతల అంచున తెల్లటి ముక్కలు ఎంతో శ్రద్ధగా, పెద్దవి వెనకా చిన్నవి ముందూ పేర్చి ఉన్నాయి.

అప్పుడే ఫోన్ మోగింది. రాధారాణి. "ఆదివారం తెల్లారేసరికి వచ్చెయ్యాలి మరిదిగారూ. అవి భద్రంగానే ఉన్నాయిగా?"

"అద్దాల పెట్టెలో ఉన్నాయి వదినా."

"అద్దాల పెట్టె చేయించారా!" అందావిడ. గొంతు మెత్తబడింది. "చూశారా, ఊరికే నోరు పారేసుకుంటాను నేను."

ఎగ్జిబిషన్ ఖర్చు పెట్టుకున్నది ఒక ఎరువుల కంపెనీ. వాళ్ళ కుర్రాడు జశ్వంత్ మెళ్ళో టై, చేతిలో తుపాకీ లాంటి మిషనుతో తిరుగుతున్నాడు. మట్టి మీద ఆనించి మీట నొక్కితే అందులో ఏమున్నదీ తెర మీద చూపిస్తుందట. కొండలరావు ఆ మిషనుని పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు. చంద్రుడి మీద రోవర్ చేతికి ఉన్నదీ సూత్రానికి ఇలాంటిదే. ఇది కిరణాలు పంపిస్తుంది. అవి తగిలితే మట్టిలోని ప్రతి మూలకమూ తన సొంత కిరణం ఒకటి తిరిగి పంపుతుంది. చీకటి గదిలో పేరు పెట్టి పిలిస్తే ఎవరి గొంతుతో వాళ్ళు పలికినట్టు. రోవర్ మీద ఉన్న ఇంకో పరికరం లేజర్‌తో మట్టిని భగ్గుమనిపించి, ఆ వెలుగులోని రంగులు చూసి ఎవరెవరున్నారో చెబుతుంది. ఈ పాఠం అతను ఎన్నిసార్లు చెప్పాడో. ఇంకో రోజైతే జశ్వంత్‌ని బతిమాలి ఆ మిషను ఒకసారి చేత్తో పట్టుకునేవాడు.

జశ్వంత్ సరదాకి ఒక్కో చంద్రుణ్ణీ కొలుచుకుంటూ వస్తున్నాడు. "ఇది సిమెంటు సార్. ఇది మొహానికి రాసుకునే పౌడరు. ఇది... ముగ్గుపిండా మేడమ్?" తాళం తీయించి తెనాలి చంద్రుడి మీద నొక్కాడు. తెర చూశాడు. ఒక తెల్లరాయి మీద ఆనించి మళ్ళీ నొక్కాడు.

"కాల్షియం! భాస్వరం! ఎక్కడి మట్టి సార్ ఇది? ఇంత భాస్వరం మా బస్తాలో కూడా ఉండదు!"

గోపీనాథ్ పరుగున వచ్చాడు. జడ్జీలు వచ్చారు. కొండలరావు తెర మీది అంకెల వంకే చూస్తున్నాడు. సునీల ఎముకల్లో కాల్షియం తక్కువని డాక్టరు అన్నాడు. రోజూ అన్నం తిన్నాక మాత్ర అతనే చేతిలో పెట్టేవాడు. ఆమె మింగినట్టు నటించి పూలకుండీలో వేసేదని ఆమె పోయాక, కుండీ కదిపినప్పుడు తెలిసింది. మిషను మాత్రం కావలసినంత ఉందంటోంది.

మిగతా రోవర్లన్నీ గంధకమే చెప్పాయి గనక, భాస్వరం దొరికిన రోవర్‌కి స్వతంత్ర పరిశోధన కింద మొదటి బహుమతి ఇచ్చారు. జశ్వంత్ వాళ్ళ మేనేజరు ఉబ్బితబ్బిబ్బయి, మర్నాడు రేపల్లెలో జరిగే తమ రైతుల సభకి ఆ పెట్టె కావాలన్నాడు. గోపీనాథ్ మాట అయిపోకముందే ఒప్పేసుకున్నాడు.

కొండలరావు ఆయన్ని పక్కకి పిలిచి, మెల్లగా, ఉన్నదున్నట్టు చెప్పాడు.

గోపీనాథ్ "అయ్యయ్యో" అన్నాడు. నిజంగానే అన్నాడు. జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. తర్వాత షీల్డు వంక చూశాడు.

"రేపొక్కరోజు మాస్టారూ. రేపు సాయంత్రానికి మీ సొత్తు మీకు అప్పగించే పూచీ నాది. ఇప్పుడు ఈ మాట బయటపెడితే పిల్లల మనసు ఎంత కష్టపడుతుందో చూడండి. ఆ శ్రావ్య ఏడ్చేస్తుంది. అయినా అమ్మగారు మాస్టారి భార్య గదండీ. సైన్సుకి పనికొచ్చానంటే ఆవిడ సంతోషించరూ?"

సునీలకి సైన్సంటే ఏమిటో కొండలరావుకి తెలుసు. అతను క్లాసులో చెప్పబోయే పాఠం ముందురోజు ఆమెకి చెప్పేవాడు. ఆమె బీరకాయలు చెక్కుతూ వినేది, చివర్న "అయితే ఏంటంట?" అనేది. ఆ మాట ఇప్పుడు తనే అనవలసింది. అనలేకపోయాడు. సాయంత్రం అద్దానికి మళ్ళీ తాళం పడింది.

శనివారం రేపల్లె సభ గుమ్మానికి గుడ్డ కట్టారు: "చంద్రుడిలోనూ భాస్వరమే! మరి మీ చేలో?" వేదిక మీద రోవర్ పెట్టెకి బంతిపూల దండ వేశారు. అద్దం తీసేశారు. ముఖ్య అతిథి వచ్చి కొబ్బరికాయ కొట్టాడు, ఎవరో హారతి ఇచ్చారు, రోవర్ నుదుటి మీద బొట్టు పెట్టారు. బొట్టు పెడుతుంటే చెయ్యి తగిలి లేజర్ వెలిగింది. "గంధకం ఉన్నది," అంది శ్రావ్య గొంతు. మేనేజరు దాని నోరు నొక్కేశాడు.

"చంద్రుడే భాస్వరం వేసుకుంటుంటే మనం వేసుకోకపోతే ఎలా?" అని మేనేజరు మైకులో ముగించాడు.

ముందు వరసలోంచి గంగయ్య అనే పెద్ద రైతు లేచాడు. "అక్కడ ఎవరేశారండీ?"

"సహజంగానే ఉందండి!"

"అంత ఉండి ఒక్క మొక్కా మొలవలేదేంటండీ మరి?"

హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఆపటానికే కాబోలు, ముఖ్య అతిథి ముందుకు వంగి, రెండు వేళ్ళతో తెల్లటి పొడి తీసి నుదుట అడ్డంగా రాసుకున్నాడు. ఫొటోగ్రాఫరు ఇంకోసారి రాసుకోమన్నాడు. రాసుకున్నాడు. అంతే, జనం లేచారు. చేలో చల్లుకుంటే మంచిదని ఒకరు, ఇంట్లో ఉంటే మంచిదని ఒకరు. తిలాపాపం తలా పిడికెడన్నట్టు, కాగితాలు చింపి పొట్లాలు కట్టుకోవటం మొదలుపెట్టారు. తెల్లరాళ్ళ కోసం తోపులాట కూడా అయింది.

గోడవార నిలబడ్డ కొండలరావు గోపీనాథ్ కోసం చూశాడు. గోపీనాథ్ ఫొటోలో ఉన్నాడు.

కొండలరావు మెట్లెక్కి మైకు దగ్గరికి వెళ్ళాడు.

"దయచేసి ఎవరూ తీసుకెళ్ళొద్దండి. అది చంద్రుడి మట్టి కాదు."

"తెలుసులెండి మాస్టారూ," అన్నాడు గంగయ్య, పొట్లం మడత పెడుతూ. "చంద్రుడి మట్టి రేపల్లె బస్సెక్కి వస్తదేంటి?"

"మరెందుకు తీసుకుంటున్నారు?"

"అందరూ తీసుకుంటన్నారు గదండీ."

కొండలరావు మైకు పట్టుకున్నాడు. లేబుల్ ముందు కూర్చున్న రోజు రాని మాట ఇప్పుడు దానంతటదే వచ్చింది.

"అది మా ఆవిడండి," అన్నాడు. "మా ఆవిడ సునీల. అస్థికలండి. రేపు పెనుమూడిలో కలపాలి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, హాల్లో అందరూ నుదుళ్ళు తడుముకున్నారు. అందరికంటే ముందు ముఖ్య అతిథి లేచాడు. పెరట్లో ఉన్నది ఒకటే కుళాయి. అక్కడ కూడా మర్యాద తప్పకుండా ఆయన్నే ముందు వంగోబెట్టారు. కండువా తీసి తల మీద నీళ్ళు పోసుకుంటుంటే ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ అదీ తీశాడు. ఎవరో ఫోన్లో పెళ్ళాం మీద అరుస్తున్నారు: "నేను లోపలికి రానే! గుమ్మంలోనే బకెట్టు పెట్టు!" జశ్వంత్ మిషనుని దూరంగా పట్టుకుని అందరినీ అడుగుతున్నాడు, దానికి కూడా స్నానం చేయించాలా అని.

గోపీనాథ్ పళ్ళ బిగువున అన్నాడు, "కనీసం మైకులో కాకుండా మెల్లగా చెప్పచ్చు గదండీ!"

"నిన్న మెల్లగానే చెప్పానండి," అన్నాడు కొండలరావు.

పొట్లాలు కుర్చీల కిందా, మెట్ల మీదా పడేసి పోయారు. గంగయ్య మాత్రం తన పొట్లం తెచ్చి, విప్పి, పెట్టెలో వంచి, కాగితాన్ని వేలితో తట్టి మరీ దులిపాడు. "తప్పైపోయింది తల్లీ," అని దణ్ణం పెట్టి అప్పుడు కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

కొండలరావు కింద కూర్చుని పొట్లాలు ఒక్కొక్కటే విప్పాడు. నాగబాబు దూరంగా నిలబడ్డాడు.

"నేను ముట్టుకోవచ్చా సార్?"

"పేర్చింది నువ్వేగా. ఎక్కడెక్కడ ఏం పెట్టావో నీకే గుర్తుంటుంది. రా."

ఇద్దరూ ఏరారు. తెల్లటి ముక్కలు కంటికి ఆనాయి. పొడి మాత్రం ఊక బూడిదలోనూ ఇసకలోనూ కలిసిపోయింది. ఏ పరికరమైనా ఇందులో కాల్షియం ఎంతో చెబుతుంది గానీ, అందులో సునీల ఎంతో, రైసుమిల్లు ఎంతో చెప్పదు. ఈ సంగతి కొండలరావు కంటే బాగా ఎవరికీ తెలియదు. అందుకని గుప్పెడు కూడా వదలకుండా పెట్టెనే మోసుకెళ్ళారు.

ఆదివారం పొద్దున పెనుమూడి రేవులో రాధారాణి పెట్టె చూసి నోరు నొక్కుకుంది. "ఇదేంటి మరిదిగారూ? మా చెల్లెలు ఇంత ఉండేది కాదే!"

అతను చెప్పాడు. ఆవిడ మెట్టు మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో, "అయితే ఫస్టు ప్రైజొచ్చిందా దానికి?" అంది. "ఎనిమిదో క్లాసు మూడుసార్లు రాసింది గదండీ అది!" అని, నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది.

పంతులుగారు ఇసకతో సహానా అని అడిగారు. అంతా, అన్నాడు కొండలరావు. కృష్ణ నీళ్ళలో మోకాలి లోతున నిలబడి అంతా వదిలాడు. ముక్కలు వెంటనే మునిగిపోయాయి. తెల్లటి పొడి కాసేపు నీళ్ళ మీద పరుచుకుని తర్వాత విడిపోయింది. రెండు మూడు థర్మోకోల్ పూసలు మాత్రం మునగకుండా, హడావిడిగా సముద్రం వైపు వెళ్ళిపోయాయి.

తెనాలి తిరిగి వస్తుంటే రైల్లో జశ్వంత్ ఫోన్ చేశాడు. మాట తడబడుతోంది. శుక్రవారం బాపట్లలో మిషను ఆనించిన తెల్లరాయి ఉంది కదా, అది నిర్ధారణ కోసమని చిన్న డబ్బీలో పెట్టి అదే సాయంత్రం కొరియర్‌లో హైదరాబాద్ హెడ్డాఫీసు లాబ్‌కి పంపేశాడట. వెనక్కి పంపమని అప్పుడే అడిగాడట. శాంపిల్ అన్నాక రిపోర్టు వచ్చేదాకా ఇవ్వరట. "మీరేం దిగులు పడకండి సార్. లేబుల్ అంటించే పంపాను. తెనాలి చంద్రుడు అని రాశాను."

సోమవారం గోపీనాథ్ షీల్డుని ఆఫీసు గదిలో మేకుకి తగిలించాడు. వచ్చే ఏడాది సూర్యుడి మీద ప్రాజెక్టు చేద్దామన్నాడు. కొండలరావు లాబ్‌కి వెళ్ళి, సీసాని తుడిచి, నిలబెట్టి, లేబుల్ మీద సునీల అని రాసి అంటించి, పై అరలో పెట్టాడు. బీరువా తాళంచెవి నాగబాబు తెచ్చి అతని చేతికే ఇచ్చేశాడు.

సంక్రాంతి వెళ్ళింది, పరీక్షలు వెళ్ళాయి. హైదరాబాద్ నుంచి రిపోర్టు రాలేదు, ముక్కా రాలేదు. ఆ ఒక్క ముక్కనీ కృష్ణలో కలపటం ఇంకా కాలేదు.